తాళం వేశారు సరే, గొళ్ళెం పెట్టారా?

వెనకటి రోజుల్లో మన ఇళ్ళలో ఒక ట్రంకుపెట్టె ఉండేది. ఇంటి దస్తావేజులు, పిల్లల సర్టిఫికెట్లు, నాలుగు వెండి వస్తువులు, ఎవరో నమ్మి దాచమని ఇచ్చిన సొమ్ము, అన్నీ అందులోనే ఉండేవి. దాని తాళంచెవి ఇంటి పెద్దావిడ కొంగుకు ముడివేసి ఉండేది. పెట్టె ఎక్కడుందో ఇంటిల్లిపాదికీ తెలుసు. చెవి ఎవరి దగ్గర ఉందో కూడా తెలుసు. అయినా ఆమె చేతి మీదుగా తప్ప ఆ పెట్టె తెరుచుకునేది కాదు. ఆమె కన్నుమూసిన నాడు ఆ చెవి ఎవరికి చేరాలో కూడా ముందే నిర్ణయమై ఉండేది. చదువు రాని ఆ పెద్దావిడకు భద్రత అంటే ఏమిటో బాగా తెలుసు. తాను ఉండగా సొమ్ము పరుల చేతికి చిక్కకూడదు, తాను లేనప్పుడు తనవాళ్ళ చేతికి అందకుండా పోకూడదు.

నేటి మన యువతీ యువకుల్లో కొందరి సొమ్ముకు ట్రంకుపెట్టె లేదు. బిట్‌కాయిన్, ఈథర్ వంటి క్రిప్టో కరెన్సీ రూపంలో అది కంటికి కనిపించకుండా ఉంటుంది. దాన్ని కొనడం మంచిదా, ధర్మసమ్మతమా అన్న ప్రశ్న వేరు. దానిపై ధర్మవేత్తల్లో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. ఈ వ్యాసం ఆ చర్చలోకి పోదు, కొనమనీ వద్దనీ చెప్పదు. అయితే ఇప్పటికే కొని పెట్టుకున్నవారు దాన్ని ఎలా కాపాడుకుంటున్నారు అన్నది మాత్రం తప్పక ఆలోచించవలసిన విషయం. ఎందుకంటే ఆ సొమ్ము వారొక్కరిదే కాదు. అందులో భార్యాబిడ్డల భవిష్యత్తు ఉంది, తల్లిదండ్రుల ఆశ ఉంది, ఒక్కోసారి అన్నదమ్ముల వాటా కూడా ఉంది.

"తాళం వేసితిని, గొళ్ళెం మరచితిని" అని మన పెద్దల సామెత. క్రిప్టో సొమ్ము విషయంలో చాలామంది చేస్తున్నది అచ్చంగా అదే.

సొమ్ము ఫోనులో ఉండదు

క్రిప్టో అనగానే అది ఫోనులోని యాప్‌లో ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఫోనులో సొమ్మేమీ ఉండదు. ఎవరి పద్దులో ఎంత ఉందన్న లెక్క ప్రపంచవ్యాప్తంగా వేలాది కంప్యూటర్లలో ఒకే తీరుగా నమోదై ఉంటుంది. ఆ లెక్కల పుస్తకాన్నే బ్లాక్‌చెయిన్ అంటారు. అందులోని మన సొమ్మును కదిలించే అధికారం ఒక రహస్య సంఖ్యకు ఉంటుంది. వాలెట్ అన్నది ఆ రహస్యాన్ని దాచే సంచి మాత్రమే.

అంత పెద్ద సంఖ్యను మనిషి రాసుకోవడం, తప్పు లేకుండా తిరిగి కొట్టడం కష్టం. అందుకని 2013లో రూపొందిన ఒక పద్ధతి ప్రకారం ఆ రహస్యాన్ని మామూలు ఇంగ్లీషు మాటలుగా మార్చి ఇస్తారు. 2048 మాటల జాబితా ఒకటి ఉంది. అందులోంచి 12 లేదా 24 మాటలు ఒక వరుసలో వస్తాయి. కొత్త వాలెట్ తెరిచినప్పుడు "ఇవి రాసి పెట్టుకోండి" అని తెర మీద కనిపించేవి ఇవే. ఫోను పోయినా, పగిలినా, ఈ మాటలను అదే వరుసలో మరో ఫోనులో కొడితే సొమ్ము తిరిగి చేతికి వస్తుంది. ఇదే వాటి మేలు. అయితే ఆ మాటలు ఎవరు కొడితే వారికే సొమ్ము లొంగుతుంది. ఇదే వాటి ప్రమాదం. సంతకం అడగరు, ఆధార్ అడగరు, వేలిముద్ర అడగరు. తప్పు జరిగిందని మొరపెట్టుకోవడానికి బ్యాంకు మేనేజరు కూడా ఉండడు.

ఎక్స్ఛేంజిలో ఖాతా తెరిచి కొన్నది అక్కడే ఉంచేవారికి ఈ మాటలు ఉండవు. వారి సొమ్ము తాళంచెవి ఎక్స్ఛేంజి దగ్గరే ఉంటుంది. 2024 జులైలో మన దేశానికి చెందిన వజీర్‌ఎక్స్ నుంచి 23 కోట్ల డాలర్లకు పైగా విలువైన క్రిప్టో చోరీ అయినప్పుడు "నా చెవి నా దగ్గరే ఉండాలి" అనేవారి వాదనకు బలం చేకూరింది. వాదన సబబే. కానీ చెవిని మన దగ్గర పెట్టుకున్న రోజు నుంచి, దాన్ని కాపాడే భారం కూడా మన మీదే పడుతుంది. ఈ రెండో సగాన్ని చాలామంది మరచిపోతున్నారు.

ఫోటో తీసిన పన్నెండు మాటలు

నాకు తెలిసిన ఒక యువకుడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తాడు. బుద్ధిమంతుడు. జీతంలో కొంత మిగిల్చి మూడేళ్ళుగా కొద్దికొద్దిగా బిట్‌కాయిన్ కొన్నాడు. ఆ పన్నెండు మాటలు ఎక్కడ దాచావని అడిగితే "ఫోటో తీసి పెట్టుకున్నాను చాచా, నా ఫోనులోనే ఉంది కదా!" అన్నాడు. ఆ సాయంత్రం వాళ్ళింట్లో పిల్లలు బొమ్మల సినిమాలు చూసే పాత ట్యాబ్ తీసి ఫోటోల యాప్ తెరిచాం. అన్న పెళ్ళి ఫోటోల తరువాత, కరెంటు బిల్లు పక్కన, పన్నెండు మాటలూ నీటుగా కనిపించాయి. ఆ ట్యాబ్‌లో కూడా అతని ఖాతాయే ఉంది. ఫోనులో తీసిన ప్రతి ఫోటో తనంతట తానే కంపెనీ నిల్వలోకి వెళ్ళి, అక్కడి నుంచి ట్యాబ్‌కు దిగుతోంది. ఆ సంగతి మూడేళ్ళుగా అతనికి తెలియదు. అదృష్టవశాత్తూ సొమ్ము పోలేదు. ఆ రాత్రే కొత్త వాలెట్ తెరిచి, కొత్త మాటలు కాగితం మీద రాసుకుని, సొమ్మంతా దానిలోకి మార్చుకున్నాడు. ఫోటోను చెరిపేసి ఊరుకోకుండా ఇలా చేయడమే సరైన పని. ఒకసారి బయటపడిన రహస్యం మళ్ళీ రహస్యం కాదు కదా!

ఇలాంటి ఫోటోల కోసమే కాచుకుని కూర్చునే దొంగలున్నారు. 2025 ఫిబ్రవరిలో కాస్పర్‌స్కై అనే భద్రతా సంస్థ ఒక దొంగ ప్రోగ్రామును బయటపెట్టింది. దానికి స్పార్క్‌క్యాట్ అని పేరు పెట్టారు. మామూలు యాప్‌లలో దాక్కుని, ఫోటోలు చూడడానికి అనుమతి అడిగి, గ్యాలరీలోని బొమ్మల్లో ఉన్న అక్షరాలను చదివి, వాలెట్ మాటల వంటివి కనిపిస్తే ఆ బొమ్మను తన యజమానికి పంపడమే దాని పని. ఎక్కడో చీకటి సందులో దొరికే యాప్‌లు కావవి. గూగుల్, ఆపిల్ సంస్థల అధికారిక దుకాణాల్లోనే దొరికాయి. ఒక్క గూగుల్ దుకాణం నుంచే 2 లక్షల 42 వేలకు పైగా దిగుమతి అయ్యాయి. ఇక "నా ఫోను నా జేబులోనే ఉంది" అన్న ధీమాకు విలువ ఎక్కడిది?

ఫోటోకు వర్తించే మాటే మిగతా వాటికీ వర్తిస్తుంది. తనకు తానే పంపుకున్న వాట్సాప్ సందేశం, ఈమెయిల్‌లో డ్రాఫ్టుగా దాచిన ఉత్తరం, ఫోనులోని నోట్స్, ఇవన్నీ దొంగ చేతికి తాళాలిచ్చినట్టే.

క్లౌడ్ అంటే ఎవరి ఇల్లు?

క్లౌడ్ అంటే మబ్బు. పేరు ఆకాశంలో ఉన్నా వస్తువు నేల మీదే ఉంటుంది. ఏదో ఒక కంపెనీ కట్టిన భవనంలో, ఆ కంపెనీ కంప్యూటర్లలో మన ఫైలు ఉంటుంది. గూగుల్ డ్రైవ్ అయినా, ఆపిల్ ఐక్లౌడ్ అయినా మరొకటైనా అంతే. ఆ కంపెనీలు మన ఫైళ్ళకు తాళం వేయవని కాదు. వేస్తాయి. కానీ మామూలుగా ఆ తాళంచెవి కంపెనీ దగ్గరే ఉంటుంది. పాస్‌వర్డ్ మరచిపోతే వారు మళ్ళీ ఖాతా తెరిచి ఇవ్వగలుగుతున్నారంటే కారణం అదే. ఆపిల్ సంస్థ 2022 డిసెంబరులో చెవిని ఖాతాదారు చేతికే ఇచ్చే ఏర్పాటు ఒకటి మొదలుపెట్టింది. అయితే అది కోరుకున్నవారికే. పైగా 2025 ఫిబ్రవరిలో ప్రభుత్వ ఒత్తిడి కారణంగా బ్రిటన్‌లో కొత్తవారికి ఆ సదుపాయాన్ని నిలిపివేసింది. పరాయి ఇంటి తాళం మీద మన హక్కు ఎంతవరకో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

కంపెనీ మంచిదే కావచ్చు, దొంగ మాత్రం తెలివైనవాడు. 2022 ఏప్రిల్‌లో మెటామాస్క్ అనే వాలెట్ సంస్థ తన ఖాతాదారులను హెచ్చరించవలసి వచ్చింది. ఐఫోనులో యాప్‌ల సమాచారం ఐక్లౌడ్‌లో దాచుకునే ఏర్పాటు ఉంటే, వాలెట్ రహస్యం ఉన్న ఫైలు కూడా దానితో పాటే పైకి వెళుతుందని, వాలెట్ పాస్‌వర్డ్ బలహీనమైతే ప్రమాదమని ఆ హెచ్చరిక సారాంశం. ఆ రోజుల్లోనే అమెరికాలో ఒక వ్యక్తికి ఆపిల్ సంస్థ నుంచి అన్నట్టుగా ఫోను వచ్చింది. అవతలివారు అడిగిన కోడ్ చెప్పాడు. నిమిషాల్లో సుమారు ఆరున్నర లక్షల డాలర్ల విలువైన సొమ్ము మాయమైంది. తన వాలెట్ ప్రతి ఒకటి మబ్బులో ఉందన్న సంగతే అతనికి అంతవరకు తెలియదు.

ఇంతకన్నా పెద్ద పాఠం లాస్ట్‌పాస్ ఉదంతం. అది జనం తమ పాస్‌వర్డ్‌లు, రహస్యాలు దాచుకునే సేవ. 2022లో దొంగలు దాని క్లౌడ్ నిల్వలో చొరబడి ఖాతాదారుల పెట్టెల ప్రతులనే ఎత్తుకుపోయారు. పెట్టెలకు తాళాలున్నాయి. కానీ పెట్టె దొంగ ఇంట్లో ఉన్నప్పుడు అతనికి తొందరేముంది? రోజుకు లక్ష చెవులు పెట్టి చూస్తాడు, కోటి చెవులు పెట్టి చూస్తాడు, ఏళ్ళ తరబడి చూస్తాడు. ఆపేవారు ఎవరూ ఉండరు. ఆ తరువాత జరిగిన అనేక క్రిప్టో చోరీలకు మూలం అక్కడే ఉందని నిపుణులు భావిస్తున్నారు. 2024 జనవరిలో జరిగిన సుమారు 15 కోట్ల డాలర్ల చోరీకి ఈ ఉదంతంతో సంబంధం ఉందని అమెరికా దర్యాప్తు అధికారులు 2025లో పేర్కొన్నారు. కాబట్టి క్లౌడ్‌లో పెట్టిన వస్తువు ఏదో ఒకనాడు దొంగ చేతిలో పడుతుందనుకునే పెట్టాలి. పడినా అతనికి పనికిరాకూడదు. అలా పెట్టగలిగితేనే పెట్టాలి.

కాగితం ఒక్కటే చాలదా?

ఇవన్నీ చదివినవారు "అయితే క్లౌడ్ జోలికే పోవద్దు, కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకుంటే సరి" అనవచ్చు. చాలామంది విజ్ఞులు చెప్పే సలహా కూడా ఇదే. ఆ సలహాలో సగం నిజం ఉంది. కాగితాన్ని అమెరికాలో కూర్చున్న దొంగ చదవలేడు. కానీ కాగితానికి దాని శత్రువులు దానికి ఉన్నారు. చెద ఉంది, తేమ ఉంది, నిప్పు ఉంది, పాత కాగితాలు అమ్మేసే ఇంటివారు ఉన్నారు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం మునిగినప్పుడు ఇళ్ళలోకి రోజుల తరబడి నీరు చేరింది. అలాంటి నీటిలో నానిన బీరువాలో ఏ కాగితం మిగులుతుంది?

ఒక్క ప్రతి మీద ఆధారపడితే ఏమవుతుందో బ్రిటన్‌లోని న్యూపోర్ట్ పట్టణానికి చెందిన జేమ్స్ హొవెల్స్ కథ చెబుతుంది. 2013లో ఇల్లు సర్దే సందడిలో పాత హార్డ్‌డిస్క్ ఒకటి చెత్తలోకి పోయింది. అందులో సుమారు 8 వేల బిట్‌కాయిన్ల తాళంచెవి ఉంది. ఆ చెత్తదిబ్బను తవ్వనివ్వమని ఆయన ఏళ్ళ తరబడి పురపాలక సంస్థను వేడుకున్నారు, చివరకు కోర్టుకెక్కారు. 2025 జనవరిలో కోర్టు ఆ దావాను కొట్టివేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?

స్టీలు రేకు మీద మాటలు చెక్కించుకునేవారు, రెండు ఊళ్ళలో రెండు బ్యాంకు లాకర్లు ఉన్నవారు క్లౌడ్ లేకుండానే గడుపుకోవచ్చు. పెద్ద మొత్తం ఉన్నవారికి నిజానికి అదే మేలు. కానీ అద్దె ఇంట్లో ఉండే చిరుద్యోగికి, కువైట్‌లోనో దమ్మామ్‌లోనో నలుగురితో ఒకే గదిలో ఉండే కార్మికునికి రెండో చోటు ఎక్కడిది? అలాంటివారికి క్లౌడ్ నిజంగా ఉపయోగపడుతుంది. వరద వచ్చినా, గది మారినా, దేశం మారినా చెక్కుచెదరని రెండో చోటు అది. అందుచేత క్లౌడ్ వద్దేవద్దు అనే సలహాతో నేను ఏకీభవించలేను. అలాగని ఉన్నది ఉన్నట్టు అందులో పెట్టడాన్నీ సమర్థించలేను. మాటలకు మన ఇంట్లోనే తాళం వేసి, తాళం వేసిన పెట్టెను మాత్రమే పైకి పంపాలి. చెవి ఏనాడూ ఆ దారిన పోకూడదు.

ముందు తాళం, తరువాత పయనం

ఇందుకు పెద్ద చదువు అక్కరలేదు. కీపాస్ఎక్స్‌సి, వెరాక్రిప్ట్ వంటి ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి. అవి మనం రాసినదాన్ని మన పాస్‌వర్డ్‌తో గుప్తలిపిలోకి మార్చి ఒక ఫైలుగా ఇస్తాయి. పాస్‌వర్డ్ లేనివారికి ఆ ఫైలు అర్థంలేని అక్షరాల కుప్ప. ఈ పని సొంత కంప్యూటరులోనే చేయాలి. ఇంటర్నెట్ కేంద్రంలోనో, ఆఫీసు కంప్యూటరులోనో చేయకూడదు. ప్రోగ్రామును దాని అసలు చోటి నుంచే దించుకోవాలి.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ముందు మాటలను మామూలు ఫైలులో కొట్టి, దాచి, ఆ తరువాత తాళం వేద్దామనుకుంటారు. నేటి కంప్యూటర్లలో డాక్యుమెంట్స్ ఫోల్డరు తనంతట తానే క్లౌడ్‌లోకి వెళ్ళే ఏర్పాటు తరచుగా ఉంటుంది. మీరు తాళం వెతుక్కునేలోగా తాళం లేని ప్రతి పైకి వెళ్ళిపోతుంది. కాబట్టి మాటలను మొదటి నుంచీ తాళం వేసే ప్రోగ్రాము లోపలే కొట్టాలి. ఫైలుకు "బిట్‌కాయిన్" అనో "వాలెట్" అనో పేరు పెట్టి దొంగకు దారి చూపించకూడదు.

ఇక పాస్‌వర్డ్. భద్రత అంతా దీని మీదే ఆధారపడి ఉంది. కొడుకు పేరు, పుట్టిన తేదీ, బండి నంబరు, నచ్చిన సినిమా పాట, పదిమందికీ తెలిసిన సూక్తి ఇవేవీ పనికిరావు. దొంగ కంప్యూటరు మొదట ప్రయత్నించేవి అవే. మన బుర్రలోంచి తీసిన మాట కన్నా పాచికలు వేసి తీసిన మాట గట్టిది. 7776 మాటల జాబితాలు ఇందుకోసమే ఉన్నాయి. అయిదు పాచికలు ఒకసారి వేస్తే ఒక మాట వస్తుంది. అలా ఆరుసార్లు వేస్తే ఆరు మాటలు. ఆ ఆరింటినీ కలిపి కనిపెట్టాలంటే ప్రయత్నించవలసిన కలయికల సంఖ్యకు 24 అంకెలుంటాయి. పెట్టె దొంగ చేతిలో పడినా అతని జీవితకాలం చాలదు.

క్లౌడ్ ఖాతాకు కూడా గొళ్ళెం ఉండాలి. పాస్‌వర్డ్ ఒక్కటే కాక రెండో ధ్రువీకరణ తప్పక పెట్టుకోవాలి. అది ఎస్ఎంఎస్ ద్వారా వచ్చే ఓటీపీ కాకుండా ఆథెంటికేటర్ యాప్ గానీ భద్రతా కీ గానీ అయితే మంచిది. ఎందుకంటే మోసగాళ్ళు మన పేరుతో కొత్త సిమ్ తీసుకుని ఓటీపీలు తమకు మళ్ళించుకుంటున్నారు. గల్ఫ్‌లో ఉండేవారికి మరో చిక్కు కూడా ఉంది. ఇండియా నంబరును నెలల తరబడి రీచార్జి చేయకుండా వదిలేస్తే అది రద్దవుతుంది, కొన్నాళ్ళకు మరొకరికి వెళుతుంది. అప్పుడు మన ఇంటి తలుపు కోడ్ అపరిచితుని ఫోనుకు వస్తుంది.

చెవి ఎక్కడ పెట్టాలి?

తాళం గట్టిదై చెవి పోతే ఆ తాళం మన మీదే తిరగబడుతుంది. స్టెఫాన్ థామస్ అనే ప్రోగ్రామరు 7,002 బిట్‌కాయిన్ల రహస్యాన్ని ఒక భద్రమైన చిన్న డ్రైవ్‌లో దాచారు. దాని పాస్‌వర్డ్ రాసిన కాగితం పోయింది. పది తప్పు ప్రయత్నాలతో ఆ డ్రైవ్ శాశ్వతంగా మూసుకుపోతుంది. 2021 జనవరిలో ఆయన కథ వార్తల్లోకి వచ్చేనాటికి ఎనిమిది ప్రయత్నాలు అయిపోయాయి. ఆయన సొమ్మును ఏ దొంగా తీసుకోలేదు. అయినా అది ఆయనకు లేకుండా పోయింది.

అందుకని పాస్‌వర్డ్‌ను గుర్తుంచుకుంటామన్న భరోసా వద్దు. జ్ఞాపకశక్తికి జ్వరం వస్తుంది, వయసు వస్తుంది. దాన్ని కాగితం మీద రాయాలి. పన్నెండు మాటల కాగితం మన ఇంట్లో ఉంటే, ఈ పాస్‌వర్డ్ కాగితం అక్క ఇంట్లోనో, పెద్దమనిషి దగ్గరో కవరులో ఉండాలి. ఆ కవరు ఎవరైనా చూసినా ఫైలు వారి దగ్గర లేదు. ఫైలు ఎవరైనా కాజేసినా కవరు వారి దగ్గర లేదు. క్లౌడ్ ఖాతా తెరవడానికి ఇచ్చే అత్యవసర కోడ్‌లు కూడా ఆ కవరులోనే ఉండాలి. లేకపోతే ఫోను పోయిన నాడు ఖాతా తెరవడానికి ఫోను కావాలి, ఫోను తెరవడానికి ఖాతా కావాలి. చెవిని పెట్టెలో పెట్టి పెట్టెకు తాళం వేయడమంటే ఇదే.

కొందరు తెలివిగా పన్నెండు మాటలను మూడు భాగాలు చేసి, ఒక్కో చోట ఎనిమిదేసి మాటలు వచ్చేలా మూడు చోట్ల దాస్తారు. ఏ రెండు దొరికినా పూర్తవుతుందని వారి లెక్క. కానీ ఒక్క భాగం దొంగకు దొరికితే మిగిలేది నాలుగు మాటలే. అందుకు సుమారు 17.6 లక్షల కోట్ల కలయికలు ఉంటాయి. వినడానికి ఎక్కువే అనిపించినా కంప్యూటరుకు అది అసాధ్యమైన పని కాదు. రహస్యాన్ని భాగాలుగా పంచే సరైన గణిత పద్ధతిని 1979లోనే ఆది షమీర్ అనే శాస్త్రవేత్త కనిపెట్టారు. దాన్ని అమలుచేసే వాలెట్లు ఉన్నాయి. పంచాలనుకునేవారు వాటిని వాడాలి కానీ కత్తెర పట్టుకోకూడదు.

తెరిచి చూడని పెట్టె

ఇవన్నీ చేశాక కూడా ఒక పని మిగిలి ఉంటుంది. నూటికి తొంభైమంది దీన్ని చేయరని నా అనుమానం. దాచింది మళ్ళీ తెరుచుకుంటుందో లేదో చూడడమే ఆ పని. మొదట వాలెట్‌లో చిన్న మొత్తం మాత్రమే వేయండి. ఆ తరువాత క్లౌడ్‌లోని ఫైలును మరో కంప్యూటరులో దించి, కవరులోని పాస్‌వర్డ్‌తో తెరిచి, ఆ మాటలతో వాలెట్‌ను తిరిగి నిలబెట్టండి. అదే చిరునామా, అదే సొమ్ము కనిపిస్తే అప్పుడే పెద్ద మొత్తం వేయండి. ఒక్క అక్షరం తప్పు రాసుకున్నా ఈ పరీక్షలో బయటపడుతుంది. ఏడాదికొకసారి ఫైలును తెరిచి చూస్తే మరీ మంచిది.

ఈ పరీక్ష అసలైన వాలెట్ యాప్‌లోనే చేయాలి. "మీ మాటలు సరైనవో కాదో ఇక్కడ సరిచూసుకోండి" అనే వెబ్‌సైట్లు, "కస్టమర్ కేర్ నుంచి మాట్లాడుతున్నాం, పన్నెండు మాటలు చెప్పండి" అనే గొంతులు మోసగాళ్ళవే. నిజమైన సంస్థ ఏదీ ఆ మాటలు అడగదు.

మనం లేని రోజు

ఇక చివరిదీ అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఒకటుంది. 2018 డిసెంబరులో క్వాడ్రిగా అనే కెనడా క్రిప్టో ఎక్స్ఛేంజి అధిపతి జెరాల్డ్ కాటెన్ మన దేశంలోని జైపూర్‌లో అనారోగ్యంతో మరణించారు. వయసు ముప్పై ఏళ్ళు. వేలాది ఖాతాదారుల సొమ్ముకు చెవులు ఆయన ఒక్కరి దగ్గరే ఉన్నాయని, ఆయన లాప్‌టాప్ పాస్‌వర్డ్ తనకు తెలియదని భార్య కోర్టుకు చెప్పారు. ఆ వాలెట్లు చాలావరకు అంతకుముందే ఖాళీ అయ్యాయని, అసలు కథ మోసమని తరువాతి దర్యాప్తుల్లో తేలింది. కానీ ఆలోచించవలసిన విషయం ఏమంటే, మొదట ఆ మాట విన్నప్పుడు చాలామంది నమ్మారు. ఒక మనిషి పోతే అతనితో పాటు సొమ్మూ పోవడం క్రిప్టో లోకంలో అంత సహజంగా కనిపించింది!

మన ఇళ్ళలో ఎంతమంది భార్యలకు భర్త క్రిప్టో సంగతి తెలుసు? ఎంతమంది తండ్రులకు కొడుకు వాలెట్ గురించి తెలుసు? ఆస్తి ఉందని తెలియని వారసులు దాన్ని ఎలా అడుగుతారు? వాటాలు ఎంత న్యాయంగా నిర్ణయించినా, తెరుచుకోని పెట్టెలోని సొమ్మును పంచగలవారు ఎవరు? రహస్యం దాచడం వేరు, సొమ్ము ఉందన్న సంగతినే దాచడం వేరు. మొదటిది జాగ్రత్త, రెండోది అన్యాయం.

కాబట్టి వసీయత్ (వీలునామా) రాసే అలవాటు ఉన్నవారు అందులో ఫలానా వాలెట్ ఉందని, దాని పెట్టె ఫలానా ఖాతాలో ఉందని, చెవి ఉన్న కవరు ఫలానావారి దగ్గర ఉందని రాయాలి. మాటలను మాత్రం అందులో రాయకూడదు. వీలునామాను పదిమంది చదువుతారు. క్లౌడ్ ఖాతాకు కూడా వారసుణ్ణి చెప్పవచ్చు. మనం చాలాకాలం ఖాతా తెరవకపోతే ఎవరికి అందించాలో ముందే చెప్పి ఉంచే సదుపాయం గూగుల్‌లో 2013 నుంచీ ఉంది. ఆపిల్ అలాంటిదాన్నే 2021 డిసెంబరులో తెచ్చింది. ఇది చేయడం ఎందుకు అవసరమంటే, రెండేళ్ళపాటు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగించే విధానాన్ని గూగుల్ 2023లో ప్రకటించి, ఆ ఏడాది డిసెంబరు నుంచి అమలు మొదలుపెట్టింది. మనం పోయిన దుఃఖంలో ఉన్న కుటుంబం తేరుకుని ఖాతా వెతికేలోగా పెట్టె కాస్తా మాయం కావచ్చు.

ఆ పెద్దావిడ కొంగుముడి ఒకసారి గుర్తుచేసుకోండి. చెవి ఆమె దగ్గర, పెట్టె గదిలో, నమ్మకం ఇంటిల్లిపాది మధ్య. ఆమె పద్ధతిలో దాపరికం లేదు, నిర్లక్ష్యమూ లేదు. మన చేతికి వచ్చిన సొమ్ము ఒక అమానత్ (అప్పగింత) అని ఆమెకు తెలుసు. పెట్టె ఇనుముదైనా మబ్బులోదైనా ఆ నియమం మారదు.

ఈ రాత్రి పడుకోబోయే ముందు ఫోనులోని ఫోటోలు ఒకసారి వెనక్కి తిప్పి చూడండి. ఆ పన్నెండు మాటలు అక్కడ కనిపిస్తే రేపటిదాకా ఆగవద్దు. కనిపించకపోతే మంచిదే. అప్పుడు మీ జీవిత సహచరిని పిలిచి ఒక్క మాట అడగండి: "రేపు నేను లేకపోతే ఇది ఎలా తెరవాలో నీకు తెలుసా?" ఆమె తెలుసు అంటే మీరు తాళమూ వేశారు, గొళ్ళెమూ పెట్టారు. ఆమె మౌనంగా మీ ముఖంలోకి చూస్తే, మీ పని ఇంకా సగంలోనే ఉంది.